ఇద్దరికీ ఒకే కాగితం

ఎవరైనా చొక్కా జేబు మీద చెయ్యి వేసుకుంటే చాలు, ఆస్పత్రిలో పెద్ద సిస్టర్‌కి ఒళ్ళు జలదరిస్తోంది.

పందొమ్మిది రోజులుగా ఇదే వరస. లిఫ్టు నడిపే మనిషి కళ్ళజోడు కోసం జేబు తడుముకుంటే ఆమె వెనక్కి తిరిగి మెట్లదారి పట్టింది. మందుల కౌంటరాయన జేబులోంచి పెన్ను తీయబోతే ఆమె చేతిలోని చీటీలు నేలపాలయ్యాయి. ఇంట్లో భర్త "నా ఫోను చూశావా?" అంటూ జేబు తట్టుకుంటే గాజుగ్లాసు జారి భళ్ళుమంది.

"పోయింది నా ఫోను. మధ్యలో నువ్వెందుకే బెంబేలు పడతావ్?" అని ఆయన నవ్వాడు.

ఆమె పెంకులు ఏరుతూ తల ఎత్తలేదు.

అలాగని బెంబేలుపడే మనిషి కాదు. ఆ ఆస్పత్రి ఎమర్జెన్సీలో ఇరవయ్యారేళ్ళ సర్వీసు ఆమెది. మూడు అంబులెన్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడినా గొంతు పెంచేది కాదు. కొత్త డాక్టర్లు వైద్యం కాలేజీలో నేర్చుకుని, ధైర్యం ఈమె దగ్గర నేర్చుకుంటారని చెప్పుకునేవారు. అలాంటి మనిషిని ఒక జేబు పట్టుకుని వదలడం లేదు.

ఆ జేబు ఎనభై ఒక్కేళ్ళ పెద్దాయనది. బస్సు డ్రైవరుగా రిటైరయిన మనిషి. పందొమ్మిది రోజుల కిందట పొద్దున్నే స్ట్రెచర్ మీద వచ్చాడు. ముఖం బూడిదరంగు, ఒళ్ళంతా చెమట, నోట మాట లేదు. కుడిచేత్తో చొక్కా ఎడమ జేబు మీద తట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

"నొప్పి ఇక్కడేనా తాతగారూ?" అని అడిగింది సిస్టర్.

ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ తట్టాడు.

ఎమర్జెన్సీలో పనిచేసేవాళ్ళకి ఎడమ రొమ్ము మీద పడిన చేతికి ఒకటే అర్థం. వేలమందిని చూసిన కళ్ళు ఇంకో అర్థం వెతకవు. దారినపోయే మనిషి ఎవరైనా అయితే జేబులో ఏముందో చూసేవాడేమో. ఈమె మాత్రం "గుండెనొప్పి!" అని కేకేసి, ఆయన చేతిని పక్కకి జరిపి, కత్తెర తీసుకుని చొక్కాని కింది నుంచి పైదాకా ఒక్క ఊపున కోసేసింది. జేబుతో సహా.

రెండు నిమిషాల్లో ఆయన గుండె ఆగింది. ఆ తర్వాత ముప్ఫై రెండు నిమిషాలపాటు నలుగురు వంతులు వేసుకుని ఆయన రొమ్ము నొక్కారు. మొదటి వంతు ఆమెదే. పది నొక్కులైనా పూర్తికాకుండానే అరచేతి కింద ఎముక విరిగింది. ఎనభై దాటిన ఒంట్లో అలా విరగడం మామూలే. ఆగకూడదని పాఠాల్లోనే ఉంటుంది. ఆమె ఆగలేదు.

ఆయన లేవలేదు.

కోసిన బట్టలు ప్లాస్టిక్ సంచిలో సర్దుతుంటే కాగితం కనపడింది. నాలుగు మడతలు పెట్టిన కాగితం. కత్తెర మడతల మీదుగా పోవడంతో మూడు ముక్కలైంది. ముక్కలు పక్కపక్కన పేర్చి చదివింది. పాతకాలపు టైపు మిషను అక్షరాలు.

"ఈ కింద సంతకములు చేసిన భార్యాభర్తలమైన మేము పూర్తి తెలివితో వ్రాసి ఇచ్చునది ఏమనగా: మా గుండె ఆగినచో నొక్కి లేపవద్దు. గొంతులో గొట్టము వేయవద్దు. నొప్పియు, ఆయాసమును తెలియకుండ చూడవలెను. పక్కన మనిషి ఉండవలెను. ఇది ఇద్దరికిని వర్తించును."

కింద రెండు సంతకాలు. వాటి పక్కన వాళ్ళ ఇంటి డాక్టరు సంతకం, ముద్ర, తేదీ.

చెప్పేద్దామనే ఆమె ముక్కలు గుప్పిట్లో పెట్టుకుని, సంచి పట్టుకుని బయటికి నడిచింది. కారిడార్‌లో బెంచీ మీద ఆయన భార్య నిటారుగా కూర్చుని ఉంది. సంచి అందుకుని ఒళ్ళో పెట్టుకుని, "జేబులో ఏమైనా ఉన్నాయా అమ్మాయ్?" అని అడిగింది.

"ఏమీ లేవమ్మగారూ," అంది సిస్టర్.

ఆ మాట ఆమె అనలేదు, నోరే అనేసింది. కానీ ఒకసారి బయటపడ్డాక అది ఆమె మాటే అయింది. మర్నాడు చెబుదామనుకుంది. మూడోనాటికి, ఇన్నాళ్ళు ఎందుకు దాచావంటే ఏం చెప్పాలో తెలియలేదు. వారం గడిచేసరికి ఆ మూడు ముక్కలు ఆమె లాకర్లో, మడతపెట్టిన స్వెట్టర్ అడుగున స్థిరపడిపోయాయి.

* * *

ఈ రోజు పొద్దున పదింటికి ఎమర్జెన్సీ కాస్త తెరిపిగా ఉంది. మూడో నంబరు మంచం తప్ప అన్నీ నిండాయి కానీ ఎవరికీ ప్రాణం మీదికి లేదు. ఆయా చేతిలో దుప్పట్లతో వచ్చింది. ఊళ్ళో సంగతులన్నీ మోసుకొస్తుందని ఆవిడకి 'వార్తలు' అని పేరు.

"అక్కా, విన్నావా? ఏడో మంచం పెద్దాయన నన్ను పెళ్ళి చేసుకుంటాడట. ఇంటికి పోయి మా ఆయన్ని అడిగొస్తానని చెప్పా."

"ఆయనకి జ్వరం నూట మూడు."

"అందుకే కదా అడిగాడు. దిగిపోతే ఎవడు అడుగుతాడు?"

సిస్టర్‌కి నవ్వు రాబోయింది. ఈలోగా బయట అంబులెన్సు కూత వినపడింది. గాజు తలుపులు తెరుచుకున్నాయి.

"ఆడమనిషి, డెబ్భై ఎనిమిదేళ్ళు, ఊపిరాడటం లేదు, ఆక్సిజన్ డెబ్భై రెండు," అంటూ అంబులెన్సు మనిషి స్ట్రెచర్ లోపలికి తోశాడు.

సిస్టర్ ఆ ముఖం చూసింది.

ఆవిడే. బెంచీ మీద నిటారుగా కూర్చున్న మనిషి. ఇప్పుడు వెనక్కి వాలలేక, ముందుకి వంగి, రెండు చేతులతో స్ట్రెచర్ కడ్డీలు పట్టుకుని ఒక్కో ఊపిరి కోసం యుద్ధం చేస్తోంది. పక్కన పరుగెడుతున్న నడివయసు ఆవిడ కూతురు. స్కూలు టీచరు, మెడలో గుర్తింపు కార్డు ఇంకా వేలాడుతోంది.

"ఏ మంచం?" అన్నాడు అంబులెన్సు మనిషి.

ఖాళీగా ఉన్నది మూడోదొక్కటే, పెద్దాయన పోయిన మంచం.

"మూడు," అంది సిస్టర్.

డ్యూటీ డాక్టరు వచ్చాడు. ముప్ఫై నాలుగేళ్ళవాడు. గడిచిన నిమిషాలు పైకి గట్టిగా చెప్పే అలవాటు వల్ల అందరూ 'స్టాప్‌వాచీ' అంటారు. ఎక్స్‌రే చూశాడు, రక్తం పరీక్ష చూశాడు. ఊపిరితిత్తుల నిండా నీరు. గుండె పంపాల్సిన రక్తంలో నాలుగోవంతు కూడా పంపడం లేదు. కిడ్నీలు చేతులెత్తేశాయి. ముక్కూ నోరూ కప్పి గాలిని బలంగా లోపలికి తోసే మాస్కు బిగించారు. ఆక్సిజన్ ఎనభై ఆరుకి చేరింది. అంతకుమించి కదల్లేదు.

కూతుర్ని కాగితాల పనిమీద కౌంటరుకి పంపారు. సిస్టర్ తెర లాగి, మాస్కు పట్టీ సరిచేస్తుండగా పెద్దావిడ కళ్ళు తెరిచింది. సిస్టర్‌ని చూడలేదు. మంచం పక్కనున్న స్టూలు వైపు చూసింది.

"లేవండి. అమ్మాయి కూర్చోవాలి," అంది మాస్కులోంచి.

సిస్టర్ స్టూలు వైపు తిరిగింది. ఖాళీ స్టూలు.

"ఎవరితో అమ్మగారూ?"

"ఇంకెవరితో? చూడు, చొక్కా రెండుగా చీల్చుకుని కూర్చున్నారు, సిగ్గూ ఎగ్గూ లేకుండా."

పట్టపగలు. నెత్తిమీద నాలుగు ట్యూబులైట్లు వెలుగుతున్నాయి. అయినా సిస్టర్‌కి స్టూలుని మళ్ళీ చూడటానికి ధైర్యం చాల్లేదు.

పెద్దావిడ అప్పుడు ఆమె ముఖంలోకి చూసింది. చూపు నిలకడగానే ఉంది.

"నువ్వే కదూ. జేబులో ఏమీ లేవన్నావు."

సిస్టర్ మాస్కు పట్టీ మళ్ళీ బిగించింది.

"నేనే పెట్టానమ్మాయ్," అంది పెద్దావిడ. రెండు మాటలకోసారి ఊపిరి తెచ్చుకుంటోంది. "అంబులెన్సు ఎక్కించేముందు, నా చేత్తో నేనే పెట్టా. జేబుకి గుండీ కూడా పెట్టా. ఇంటికెళ్ళి సంచి విప్పితే, జేబు రెండు ముక్కలు. లోపల ఏమీ లేదు."

"అమ్మగారూ..."

"ఒక్కటే అడుగుతా. చదివి చేశారా? చదవకుండా చేశారా?"

మానిటర్ కూస్తోంది. సిస్టర్ దాని వంక చూస్తున్నట్టు నిలబడింది.

"చదివి కూడా చేసిన వాళ్ళయితే, నన్నూ వదలరు. ఆ కాగితం ఒక్కటే. ఇద్దరికీ కలిపి కొట్టా. ముప్ఫై నాలుగేళ్ళు కోర్టులో టైపిస్టుని. కార్బను పెట్టకుండా ఒక్క కాగితం కొట్టి ఎరగను. ఇదొక్కటే కొట్టా. పెళ్ళికి ఒక్క కాగితం సరిపోయింది, చావుకి రెండెందుకే అన్నారాయన. పొదుపు మనిషి."

ఆవిడ నవ్వబోయింది. దగ్గొచ్చింది. సిస్టర్ వీపు నిమిరింది.

"మళ్ళీ కొడదామని కూర్చున్నా. ఒక్క పేరే కొట్టాలంటే చేతులు ఆడలేదు. అమ్మాయికి చెబుదామంటే, దాని ముఖం చూసి నోరు రాలేదు. నాకా గొట్టం వద్దు. ఆయనకి చేసినట్టు నాకు చెయ్యొద్దు. నువ్వైనా చెప్పు వాళ్ళకి."

కళ్ళు మూతలు పడ్డాయి. మాస్కు ఒక్కటే బుస్సుబుస్సుమంటోంది.

* * *

తెర అవతల డాక్టరు కూతురితో మాట్లాడుతున్నాడు.

"మేడమ్, మాస్కు చాలడం లేదు. గొంతులో గొట్టం వేసి మిషను మీద పెట్టడం ఒక దారి. పెడితే తీసే రోజు వస్తుందని నాకు నమ్మకం లేదు. గుండె ఆగితే నొక్కాల్సొస్తుంది. అది వద్దనుకుంటే, ఆయాసం తెలియకుండా మందిచ్చి, ప్రశాంతంగా చూసుకోవడం రెండో దారి. ఆవిడ ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ బాగా పెరిగింది, మనసు కుదురుగా లేదు. అందుకని మీరే చెప్పాలి. అరగంట ఉంది."

"అన్నీ చెయ్యండి," అంది కూతురు. ఆలోచించను కూడా లేదు.

"అమ్మగారు గొట్టం వద్దంటున్నారు," అంది సిస్టర్ తెర దాటి వస్తూ.

"ఎవరితో అన్నారు?"

"నాతో. ఇప్పుడే."

"ఇప్పుడే మా నాన్న స్టూలు మీద కూర్చున్నాడని కూడా అన్నారు. వచ్చే దారంతా అదే మాట. అది కూడా రాసుకుంటారా?" కూతురి గొంతు వణికింది. "చూడండి సిస్టర్, మా నాన్నకి ముప్ఫై రెండు నిమిషాలు పోరాడారు మీరు. ఈ డాక్టరుగారే చెప్పారు. ఆ ఒక్క మాట పట్టుకుని రాత్రిళ్ళు నిద్రపోతున్నా. అమ్మకి అంతకంటే తక్కువ చేయించి ఇంటికి పోయి ఎలా పడుకోమంటారు?"

సిస్టర్ దగ్గర ఉన్న సమాధానం లాకర్లో ఉంది.

డాక్టరు ఆమెను పక్కకి పిలిచాడు. "మీకేమైనా తెలుసా? పాత రికార్డు, రాసిచ్చిన కాగితం, ఏదైనా? ఉంటే నేను ఆగుతా. లేకపోతే ఇంట్లోవాళ్ళ మాటే. పది నలభై అయింది. పదకొండుంపావుకి గొట్టం."

"చూస్తాను," అంది సిస్టర్.

నర్సుల గదిలో ఎవరూ లేరు. లాకరు తెరిచి, స్వెట్టర్ అడుగున చెయ్యి పెట్టింది. మూడు ముక్కలు. మధ్య ముక్క మీద గోధుమరంగు మరక, ఆయన చెమటదో మందుదో. అవి బయటికొస్తే విచారణ వస్తుంది. రిటైర్మెంటుకి ఇంకా నాలుగేళ్ళుంది. ఇరవయ్యారేళ్ళ పేరు ఒక్కపూటలో పోతుంది. రాకపోతే ఇంకో అరగంటలో ఆ సన్నటి గొంతులోకి గొట్టం దిగుతుంది. ఈ రోజో రేపో ఆ రొమ్ము మీద ఎవరి చెయ్యో పడుతుంది.

"ఏంటక్కా అవి?"

గుమ్మంలో వార్తలు. దాచడానికి వేళ లేదు, ఓపికా లేదు. నాలుగు మాటల్లో చెప్పేసింది. ఆయా చేతిలోని బకెట్ కింద పెట్టి, తలుపు దగ్గరగా వేసింది.

"దీనికింత ఏడుపెందుకు? లాండ్రీలో దొరికిందని చెప్పు. దుప్పట్ల మూటలో ఇరుక్కుంది, నేనే తెచ్చిచ్చానని చెప్పు. నా మీద పెట్టుకో. నన్నెవరు అడుగుతారు? ముసలామె బతికిపోతుంది, నువ్వూ బతికిపోతావు."

"ఆవిడ బతకదే."

"సరే, చచ్చిపోతుంది. మంచిగా చచ్చిపోతుంది. అదే కదా కావాల్సింది?"

ఎంత సులువుగా ఉందో! సిస్టర్ ముక్కలు చేత్తో పట్టుకుని కారిడార్‌లో నడుస్తూ ఆ మాటని నాలుగుసార్లు లోపల పలికి చూసుకుంది. లాండ్రీలో దొరికింది. దుప్పట్ల మూటలో.

డాక్టరు బల్ల మీద మూడు ముక్కలూ పేర్చింది. కూతురు వంగి చదివింది. తండ్రి సంతకం దగ్గర వేలు పెట్టింది. తల్లి సంతకం దగ్గర పెట్టింది. తేదీ చూసింది. ఆ తర్వాత ముక్కల అంచులు చూసింది. నున్నగా, తిన్నగా, కత్తెర కోసినట్టు.

"ఇది ఎప్పుడు దొరికింది?"

మాట నాలుక చివరనే ఉంది. కానీ ఎదుట నిలబడి అడుగుతున్న కళ్ళు ఆ తల్లివే. ఆ కళ్ళకి ఒకసారి అబద్ధం చెప్పింది. ఇక చాతకాలేదు.

"ఆ రోజే," అంది. "మీ నాన్నగారు పోయిన పావుగంటకి. ఆయన జేబు తట్టి చూపించారు. నేను గుండెనొప్పి అనుకున్నా. చొక్కా కోసేటప్పుడు ఇదీ తెగింది. తర్వాత భయపడి దాచేశా. మీ అమ్మగారు అడిగితే లేదని చెప్పా."

కూతురు ముక్కల మీంచి వేలు తీసింది.

"తట్టి చూపించాడా?" అంది కూతురు. "మా నాన్న తట్టి చూపించాడా మీకు?"

"మూడుసార్లు."

"మీరు మనిషేనా?" గొంతు లేచింది. పక్క మంచాల వాళ్ళు తలలు తిప్పారు. "పోరాడారనుకున్నా. మా నాన్న కోసం పోరాడారని ఊరందరికీ చెప్పుకున్నా. ఇప్పుడొచ్చి, ఆయనకి చెయ్యకూడనిది చేశాం, అందుకని మీ అమ్మకి చెయ్యాల్సింది మానేద్దాం అంటున్నారా? ఇంత చేసినవాళ్ళు, ఇది మాత్రం నిజమని నేనెందుకు నమ్మాలి?"

"నన్ను నమ్మొద్దమ్మా," అంది సిస్టర్. "ఆవిణ్ణి అడగండి."

డాక్టరు ముక్కల మీది నుంచి తల ఎత్తలేదు. పదిహేనో నిమిషంలో ఒకసారి, ఇరవయ్యో నిమిషంలో ఒకసారి, "ఇంక ఆపుదామా సర్?" అని ఇదే సిస్టర్ అడగడం, "కానివ్వండి" అని తను అనడం అతనికి గుర్తొచ్చినట్టుంది.

"పదండి, అడుగుదాం," అన్నాడు.

తెర తీశారు. పెద్దావిడ కళ్ళు తెరిచే ఉంది. కూతురు మూడు ముక్కలూ దుప్పటి మీద పరిచింది. ఆవిడ వాటిని చూసి ఆశ్చర్యపోలేదు. మధ్య ముక్కని గోటితో జరిపి అంచుకి అంచు కలిపింది.

"రెండో లైన్లో చూడు," అంది. "అక్షరం పైకి ఎగిరింది. మిషను అరిగిపోయింది. మళ్ళీ కొడతానంటే, ఎవడు చూస్తాడు పోనీవే అన్నారు మీ నాన్న."

డాక్టరు వంగాడు. "అమ్మా, నేనెవరో తెలుస్తోందా?"

"నిమిషాలు అరిచే డాక్టరువి. ఆ రోజు బయట బెంచీదాకా వినపడింది నీ గొంతు. అదేం లెక్కో తెలియక ముప్ఫై రెండు దాకా నేనూ లెక్కపెట్టా."

అతను ఇంకా దగ్గరగా వంగి, గొట్టం వేయకపోతే ఏం జరుగుతుందో చెప్పాడు. ఈ పూట దాటకపోవచ్చన్నాడు. తెలిసిందా అని అడిగాడు.

"చదువురాని దానికి చెప్పినట్టు చెప్తున్నావేం? చచ్చిపోతా. తెలుసు. అందులో అదే కొట్టా."

కూతురు మంచం కడ్డీ పట్టుకుంది. "నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే ఏడుస్తావని మీ నాన్న. ఏడిస్తే ఏడవనీ అని నేను. ఎప్పటిలాగే ఆయన మాటే నెగ్గింది." ఆవిడ చెయ్యి వెతుక్కుంటూ వచ్చి కూతురి మణికట్టు పట్టుకుంది. "పోట్లాడకే. నాకు ఊపిరి లేదు పోట్లాడటానికి."

కూతురు చాలాసేపు ఆ చేతిని చూసింది. తర్వాత డాక్టరు వైపు తిరిగి, "ఎక్కడ సంతకం పెట్టాలి?" అంది.

"నిజానికి ఒక్కొక్కరికి ఒక్కో కాగితం ఉండాలి," అన్నాడు డాక్టరు. "కానీ నాకిది చాలు. ఆవిడ నోటితో చెప్పారు, నేను విన్నాను. రండి, రాసుకుందాం."

* * *

మాస్కు తీసేశారు. ముక్కుకి సన్నటి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. మార్ఫిన్ చిన్న మోతాదు ఇచ్చింది సిస్టర్. మానిటర్ గొంతు నొక్కింది. అలారాలు ఆగిపోయేసరికి ఆ మూల ఎంత నిశ్శబ్దమైపోయిందంటే ఏడో మంచం పెద్దాయన మూలుగు కూడా వినపడుతోంది. పెద్దావిడ భుజాలు దిగాయి. ఊపిరి కోసం యుద్ధం ఆగింది.

కూతురు డాక్టరు బల్ల దగ్గర సంతకాలు పెడుతోంది. తెర లోపల ఇద్దరే ఉన్నారు.

"చదవకుండా చేశారన్నమాట," అంది పెద్దావిడ.

"చదవలేదమ్మగారూ. జేబే చూడలేదు."

"సరే. ఇంకోటి చెప్పు. ఆయనకి తెలిసిందా?"

సిస్టర్ ఆవిడ తలకింద దిండు సర్దింది. సర్దిన దిండునే మళ్ళీ సర్దింది.

"అబద్ధం వద్దు. ఒకటి చెప్పావు, చాలు."

ఇది ఆమె డాక్టరుకి చెప్పలేదు. ఆయాకి చెప్పలేదు. ఇంట్లో చెప్పలేదు. నిజానికి తనకు తాను కూడా పూర్తిగా చెప్పుకోలేదు.

"పన్నెండో నిమిషంలో కళ్ళు తెరిచారు," అంది. "ఒక్కోసారి అలా అవుతుంది. గుండె కొట్టుకోకపోయినా, మేము గట్టిగా నొక్కితే మెదడుకి రక్తం అందుతుంది. అప్పుడు నా వంతు. నా ముఖంలోకే చూశారు. చెయ్యి లేచింది. జేబున్న చోటికి పోయింది. అక్కడ చొక్కా లేదు. వేళ్ళు వెతికాయి."

"నువ్వేం చేశావు?"

"ఆపలేదు. ఆపితే పోతారని... ఆపలేదమ్మగారూ."

పెద్దావిడ కళ్ళు మూసుకుంది. మూసిన రెప్పల సందులోంచి నీరు చెవివైపు జారింది.

"ఇంకెవరు చూశారు?"

"నేనొక్కదాన్నే."

"దానికి చెప్పకు."

సిస్టర్ అర్థం కానట్టు చూసింది.

"నా కూతురికి చెప్పకు. ఎవరికీ చెప్పకు. రేపు నిన్ను రాసిమ్మంటారు. అందులోనూ రాయకు. చెప్పావనుకో, నీకు బరువు దిగుతుంది, దానికి ఎక్కుతుంది. అది మోయలేదు. నువ్వే మొయ్యి."

"మోస్తానమ్మగారూ," అంది సిస్టర్. కన్నీళ్ళతో ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

"చెయ్యి తియ్యి నా మీంచి," అంది పెద్దావిడ. కోపంగా కాదు, కసురుతూ కాదు. వేడిగా ఉన్న గిన్నె పక్కకి పెట్టమన్నట్టు. "దాన్ని పిలువు."

సిస్టర్ చెయ్యి తీసింది. కూతుర్ని పిలిచి, తెర దగ్గరగా లాగి, తను బయట నిలబడింది. లోపల కూతురి గొంతు సన్నగా ఏవో చిన్నప్పటి సంగతులు చెబుతోంది. మధ్యలో ఒకసారి తల్లి నవ్వినట్టు కూడా వినపడింది. పన్నెండు దాటి ఏడు నిమిషాలకి కూతురి గొంతు ఆగింది. డాక్టరు లోపలికి వెళ్ళాడు. చూశాడు. ప్రాణం పోయిన టైము పైకి చెప్పలేదు. నోటుబుక్కులో రాసుకున్నాడు.

సిస్టర్ అరచేతులు తమంతట తామే ఒకదాని మీద ఒకటి చేరాయి, వేళ్ళు ముడిపడ్డాయి, మోచేతులు తిన్ననయ్యాయి. నొక్కడానికి సిద్ధమైన చేతులు. ఆమె వాటిని బలవంతాన విడదీసి గోడకేసి పెట్టుకుంది.

* * *

గంట తర్వాత కూతురు నర్సుల గదికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నా గొంతు స్థిరంగానే ఉంది.

"నాకు చెప్పిందంతా రాసివ్వండి. ఇప్పుడే. నా ముందు."

"రాస్తాను," అంది సిస్టర్.

రాసింది. తేదీ, టైము, మూడో నంబరు మంచం. జేబు తట్టడం. కత్తెర. ముప్ఫై రెండు నిమిషాలు. కాగితం దాచడం. భార్యతో అబద్ధం చెప్పడం. డాక్టరు కూడా వచ్చి నిలబడి చదివాడు. "సిస్టర్ రెండుసార్లు ఆపుదామా అని అడిగారు, నేనే వద్దన్నాను" అని కింద తన చేత్తో రాసి, సంతకం పెట్టి, ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోయాడు.

కూతురు కాగితం తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. టీచరు కదా, ఒక్కో వాక్యం దగ్గర ఆగి ఆగి చదివింది.

"అమ్మ మీతో చాలాసేపు మాట్లాడింది. బల్ల దగ్గరికి గొంతులు వినపడ్డాయి, మాటలు తెలియలేదు. ఏం అడిగింది?"

"మేము కాగితం చదివి చేశామా, చదవకుండా చేశామా అని."

"ఇంకా?"

సిస్టర్ బల్ల మీది పెన్ను జరిపింది.

"నాన్నకి తెలిసిందా అని అడగలేదా?" అంది కూతురు. "నేనైతే ముందు అదే అడిగేదాన్ని."

"అడిగారు."

"ఏం చెప్పారు?"

బయట కారిడార్‌లో ఎవరో చక్రాల కుర్చీ తోసుకుపోతున్నారు. ఒక చక్రం కిర్రుమంటోంది. ఆ చప్పుడు దూరమయ్యేదాకా సిస్టర్ ఆగింది. తర్వాత తల ఎత్తి, ఆ తల్లి కళ్ళలాంటి కళ్ళలోకి నేరుగా చూసింది.

"తెలియలేదని చెప్పాను. గుండె ఆగాక ఆయనకి ఏమీ తెలియలేదమ్మా. ఒక్క క్షణం కూడా."

కూతురి ముఖం చిన్నపిల్లలా విచ్చుకుపోయింది. అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా ఒక్కసారి బయటపడి, కుర్చీలో కూలబడి, నోరు నొక్కుకుని ఏడ్చింది. చాలాసేపు ఏడ్చాక ముక్కు తుడుచుకుంది.

"అదొక్కటీ చెప్పారు, థాంక్సండీ. అది లేకపోతే నేను బతకలేను," అంది. కాగితం సిస్టర్ ముందుకి జరిపింది. "ఇంకేమైనా రాయాల్సింది మిగిలిందా?"

"లేదమ్మా."

"అయితే సంతకం పెట్టండి."

సిస్టర్ పెట్టింది.